బొగ్గు దుమ్ము, 45 డిగ్రీల ఎండ: లో-ప్రొఫైల్ మాగ్నెటిక్ కీబోర్డ్ మన దగ్గర పనికొస్తుందా?

మాగ్నెటిక్ కీబోర్డుల రివ్యూలు చూస్తే అన్నీ ఏసీ గదుల్లో చేసినట్టే ఉంటాయి. నేనుండేది గోదావరిఖనిలో. ఓపెన్‌కాస్ట్ వైపు నుంచి గాలి వీచిందంటే, పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. మే నెలలో 45 డిగ్రీలు మాకు కొత్తేం కాదు. అందుకే మా గేమింగ్ గ్యాంగ్‌లో స్పీడ్ కంటే ముందు వచ్చే ప్రశ్న: ఇది ఇక్కడ ఎన్నాళ్లుంటుంది?

దుమ్ము విషయంలో మాగ్నెటిక్‌కే నా ఓటు. మామూలు మెకానికల్ స్విచ్‌లో రెండు లోహపు రేకులు తాకితేనే కీ పడినట్టు. వాటి మధ్య మురికి చేరితే ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు పడతాయి. మాగ్నెటిక్‌లో తాకే రేకులే ఉండవు. కాడలో చిన్న అయస్కాంతం, కింద బోర్డు మీద హాల్ సెన్సర్. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమే ఇది. అయితే దుమ్ము కాడ పక్కన చేరితే కీ గరగరలాడుతుంది. లో-ప్రొఫైల్‌లో క్యాప్‌ల కింద సందు తక్కువ, క్లీనింగ్‌కి ఓపిక కావాలి.

గేమ్‌లో అసలు లాభం రాపిడ్ ట్రిగ్గర్. డచ్ కంపెనీ వూటింగ్ దీన్ని పాపులర్ చేసింది. చెర్రీ ఎంఎక్స్ రెడ్ 2 మి.మీ. దిగితే ఆన్ అవుతుంది, మళ్లీ దాదాపు అంత పైకొస్తేనే ఆఫ్. ఇక్కడ వేలు కాస్త లేపగానే ఆఫ్. వాలరెంట్‌లో పరుగు ఆపి కాల్చేటప్పుడు తేడా తెలుస్తుంది. లో-ప్రొఫైల్ వల్ల అదనంగా స్పీడేం రాదు, మణికట్టుకి హాయి, అంతే. పగలంతా కోడ్ రాసి రాత్రి ఆడే నాకు అదే ముఖ్యం. పైగా ఇవి లీనియర్ స్విచ్‌లు, టకటక క్లిక్ ఉండదు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకునే నాన్న ఉన్న క్వార్టర్‌లో ఇది చిన్న విషయం కాదు!

ఇక ఎండ. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నియోడిమియం అయస్కాంతం బలం డిగ్రీకి సుమారు 0.1 శాతం తగ్గుతుంది. 25 నుంచి 45కి వెళ్తే రెండు శాతం. సెన్సర్ కొలిచేది ఆ బలాన్నే కదా. మధ్యాహ్నం వేడిలో క్యాలిబ్రేట్ చేసి రాత్రి కూలర్ ముందు ఆడితే, నొక్కని కీ కూడా కాస్త నొక్కినట్టు కనిపించొచ్చు. కొన్ని కీబోర్డులు దీన్ని వాటంతటవే సర్దుకుంటాయి. అయినా బాక్స్ మీద రాశారని 0.1 మి.మీ. పెట్టకండి. నేను డబ్ల్యూ-ఏ-ఎస్-డీకి 0.8, రాపిడ్ ట్రిగ్గర్‌కి 0.3, మిగతా కీలకు 1.5 పెట్టాను. కాలం మారినప్పుడల్లా ఒకసారి క్యాలిబ్రేషన్.

కౌంటర్ స్ట్రైక్ 2 వాళ్లకి ఒక మాట. ఎదురెదురు కీలను కీబోర్డే సర్దిచెప్పే స్నాప్ ట్యాప్ లాంటి ఫీచర్‌ను 2024 ఆగస్టు నుంచి వాల్వ్ తన అధికారిక సర్వర్లలో ఒప్పుకోవట్లేదు, మ్యాచ్‌లోంచి బయటకి పంపేస్తుంది. రాపిడ్ ట్రిగ్గర్‌కి ఆ తంటా లేదు. కొనేముందు స్పేర్ స్విచ్‌లు విడిగా దొరుకుతాయో లేదో చూడండి. మామూలు మెకానికల్ స్విచ్‌లు ఇందులో పనిచేయవు.