పట్టం, కొట్టం, కట్టె: రెండో అక్షరమే ఎందుకు కలవాలి?

ఇంగ్లీషు పాఠంలో నైట్, లైట్, ఫైట్ అంటూ రాత్రినీ వెలుగునూ పోట్లాటనూ ఒకే వరసలో పిల్లల చేత వల్లె వేయిస్తారు. మూడింటికీ చివర ఒకటే కనుక ఒకటి నోటికి వస్తే మిగతా రెండూ వెంటే వస్తాయి. తెలుగులో మాటల్ని ఇలా కలపదలచుకున్న మన పూర్వకవులు చివర అక్షరాన్ని వదిలేసి, రెండో అక్షరాన్ని పట్టుకున్నారు. దాన్నే ప్రాస అన్నారు. మొదటిది కాదు, చివరిది కాదు, రెండోదే ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అద్దంకి కంటే మంచి చోటు లేదు.

గుండ్లకమ్మ ఒడ్డునున్న ఈ ఊరి పేరు మీద ఒక శాసనం ఉంది. వేంగినేలిన తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించినది, క్రీ.శ. 848 నాటిది. రాజుకు పట్టం కట్టిన మొదటి ఏడే పండరంగడు సామంతులను వెంటబెట్టుకుని వెళ్లి, పన్నెండు బోయ కొట్టాలను గెలిచి, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి, కందుకూరును బెజవాడ అంతటిదిగా చేశాడని అందులో ఉంది. ఆ తర్వాత వచనంలో ఆదిత్య భట్టారకుడికి ఇచ్చిన భూదానం సంగతి. కడప సీమలో దొరికిన 575 నాటి కలమళ్ల శాసనంలో ఉన్నది వచనమే. అద్దంకి శాసనంలో యుద్ధం కథంతా పద్యం. తరువోజ అనే దేశి ఛందస్సు. నన్నయ భారతం మొదలుపెట్టడానికి సుమారు 200 ఏళ్ల ముందు మాట ఇది. దీన్ని వెలుగులోకి తెచ్చినవాడు కొమర్రాజు లక్ష్మణరావు.

ఆ పద్యంలో నాలుగు పాదాలు. మొదటి రెండూ ‘పట్టంబు’ అనే మాటతోనే మొదలవుతాయి. మూడోది ‘కొట్టముల్’, నాలుగోది ‘కట్టెపు’. నాలుగు చోట్లా రెండో అక్షరం ‘ట్ట’. దాని మీద అచ్చు ఏదైనా ఫరవాలేదు, ‘ట్టం’ కావచ్చు, ‘ట్టె’ కావచ్చు. హల్లు మాత్రం మారకూడదు. ‘ట్ట’తో ఒంటి ‘ట’ కలవదు. ఇంకో షరతు కూడా ఉంది: మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే అన్నిటా గురువే, లఘువైతే అన్నిటా లఘువే. కాబట్టి ‘గుడి’కి ‘బడి’ ప్రాస అవుతుంది, ‘కాడి’ కాదు. ‘కాడి’కి ‘పాడి’ కావాలి.

ప్రాస ఇలా పాదాల మధ్య నడిస్తే, పాదం లోపల నడిచేది యతి. తరువోజ పాదంలో ఎనిమిది గణాలు. మొదటి గణం ఏ అక్షరంతో మొదలైతే మూడు, అయిదు, ఏడు గణాలు దానికి స్నేహమున్న అక్షరంతో మొదలు కావాలి. ఆ శాసనం నాలుగో పాదంలో ఆ నాలుగు చోట్లా ఉన్న మాటలు చూడండి: కట్టెపు, గడు, కందుకూర్, గావించె. క, గ, క, గా. క-గలు ఒక వర్గం, అ-ఆలు ఒక జట్టు. మొదటి పాదంలో పట్టంబు, ప్రథమంబు, బలగర్వ, బైలేచి. ప, ప్ర, బ, బై. యుద్ధవార్త చెబుతూ, ఊళ్ల పేర్లు పొల్లుపోకుండా చెబుతూ, మధ్యలో ఇన్ని మాటలను అక్షరం చూసి ఏరి కూర్చడం కొత్తగా నేర్చినవాడి పని కాదు. అంతకు ముందు ఎన్నో తరాల పాట, పద్యం నోటి మీద నడిచి ఉండాలి. మనకు దొరికినంతలో మొదట రాతికెక్కింది మాత్రం ఇదే.

ఇక అసలు ప్రశ్న. సరైనదని నాకు తోచే కారణం తెలుగు మాట నిర్మాణంలోనే ఉంది. మన మాటకు అర్థం ముందు ఉంటుంది, తర్వాతివన్నీ ప్రత్యయాలు. దున్నాడు, కోశాడు, తూచాడు, అమ్మాడు. రైతు ఏడాది పొడుగునా చేసిన పనులు చెప్పినా చివర ‘డు’ ఒకటే. చేలో, ఊళ్లో, సంతలో అన్నా అంతే. చివర కలపడానికి శ్రమ లేదు గనుక దానికి విలువా లేదు. ధాతువు గట్టితనమంతా రెండో అక్షరం దగ్గర ఉంటుంది: కట్టు, పట్టు, కొట్టు, మెట్టు, చుట్టు. మొదటి అక్షరం మారితే అర్థం మారిపోతుంది, ‘ట్ట’ నిలిచే ఉంటుంది. తమిళులు దీన్నే ఎదుగై అన్నారు, కన్నడ కవులూ పాటించారు. నైట్, లైట్ లాంటి ఇంగ్లీషు మాటల్లో ప్రత్యయాల బరువు లేదు, మాట చివరే ధాతువు చివర. అందుకే ఆ భాషకు అంత్యప్రాస అందం ఇచ్చింది. అక్కడ కూడా మొదటినుంచీ అలా లేదు. ‘బేవుల్ఫ్’ లాంటి పాత ఇంగ్లీషు కావ్యాల్లో మాటల మొదటి ధ్వనులే కలుస్తాయి, కొంతవరకు మన యతిలా.

సంస్కృతంలో ఈ ప్రాస నియమం లేదు. అక్కడ యతి అంటే ఊపిరి తీసుకునే విరామమే. శార్దూలం లాంటి వృత్తాలు అక్కడి నుంచి తెచ్చుకుని, వాటికీ అక్షరాల యతి, ప్రాస తప్పవన్నారు మనవాళ్లు. అరువు తెచ్చుకున్న ఛందస్సును కూడా మన చెవికి లొంగదీసుకున్న ఆ పట్టుదల నాకు ఎంతో ఇష్టం. పండరంగడి తర్వాత సుమారు 500 ఏళ్లకు ఇదే అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎర్రాప్రగడ హరివంశం రాసి ఆయనకే అంకితమిచ్చాడు. అప్పటికీ ఆ నియమం చెక్కుచెదరలేదు.

చదువుకోనివాళ్ల నోటా ఇదే వినిపిస్తుంది. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’. అడుసు, కడగ: రెండూ ‘డ’. ‘ఆడలేక మద్దెల ఓడు’. ఆడ, ఓడు: మళ్లీ ‘డ’, ముందున్నవి రెండూ గురువులే. ఛందస్సు పుస్తకం తెరవని నోళ్లు ఇంత లెక్కగా పలికాయి.

పంతులమ్మలకూ పంతుళ్లకూ ఒక మనవి. ఇంగ్లీషు మాటల వరసలు చెప్పించండి, అవి కావాలి. ఆ పక్కనే పిల్లల చేత తెలుగు వరస ఒకటి రాయించండి. అద్దంకి పిల్లలకు మాటలు చేలోనే దొరుకుతాయి: పత్తి, విత్తనం, మెత్తన, ఎత్తు. మిరప, ఎరువు, కురిసింది. చెరువు, మెరుపు కూడా చేర్చవచ్చు, వాటిని పూర్వం బండి ఱతో రాసేవారని చెప్పి మరీ. ఒక్కో మాటకు అర్థం పక్కన రాయమనండి. వారానికి ఒక అక్షరం చాలు.