పాత సైకిలు.. మెత్తని సవారీ
రంగు కన్నా టైరు, సీటే ముఖ్యం

అటకల మీద, పశువుల పాకల్లో మూలనపడిన తాతల నాటి సైకిళ్లు మళ్లీ రోడ్డెక్కుతున్నాయి. తుప్పు గీకించి, నల్లరంగు వేయించి, చైను మార్పించి ముచ్చటగా తొక్కుతున్నవారున్నారు. అయితే వేలు ఖర్చుచేసినా పూర్వపు సుఖం లేదని, నడుము పట్టేస్తోందని వాపోయేవారూ ఉన్నారు. లోపం సైకిలుది కాదు, మరమ్మతుది.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన రాలీ, 1949లో మద్రాసులో ప్రారంభమైన టీఐ సైకిల్స్ తయారుచేసిన హెర్క్యులిస్ వంటివన్నీ గతుకుల బాటల కోసం రూపొందినవే. ఉక్కు చట్రం కుదుపులను మింగేస్తుందని పలువురి నమ్మకం. ఇందులో నిజం కొంతే. ముక్కోణాలుగా అతికిన చట్రం నిలువుగా దాదాపు వంగదు. వంగేవి వేరే ఉన్నాయి: గాలి నిండిన టైరు, సీటు కింది స్ప్రింగులు, ముందుకు విల్లులా వంచిన ఫోర్కు.

కొలతల్లోనూ కిటుకుంది. ఈ సైకిళ్లలో రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 45 అంగుళాలు. రేసు సైకిలుకు 39 అంగుళాలే. హ్యాండిలు కింది గొట్టం నేలతో 67 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉంటుంది. రేసు సైకిళ్లలో ఇది 73 వరకు ఉంటుంది. అందుకే గుంతలో ముందుచక్రం దిగినా దెబ్బ మణికట్టుకు సూటిగా తగలదు.

చాలామంది పొరబడేది టైరు వద్దనే. పాత టైరు 28 అంగుళాలు, వెడల్పు ఒకటిన్నర. నేటి 700సి టైర్లనూ దుకాణాల్లో 28 అంగుళాలనే పిలుస్తారు. కానీ టైరు అంచు కూర్చునే రిమ్ము వ్యాసం పాతదానికి 635 మిల్లీమీటర్లు, కొత్తదానికి 622. టైరు ఎక్కలేదని రిమ్ములే మార్పించి సన్నటి టైర్లు వేయించుకుంటే సుఖం పోతుంది, రాడ్డు బ్రేకులూ రిమ్ముకు సరిగా అందవు. టైరు పక్కన 40-635 అన్న అంకెలు చూసి కొనాలి. గాలి కూడా రాయిలా కొట్టించకూడదు. మనిషి ఎక్కి కూర్చుంటే టైరు కొద్దిగా ఉబ్బాలి.

తోలు సీటు దొరికితే పారేయకుండా దాచుకోవాలి. వదులైతే ముక్కు కింది నట్టు కొద్దికొద్దిగా బిగించాలి. వానలో తడిస్తే తోలు సాగిపోతుంది. దానికి బదులు చవక స్పాంజి సీటు వేసి, పాత సైకిలు గట్టిగా ఉందనడం అన్యాయం.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఫోర్కు. ఎప్పుడో గుద్దుకుని వంగినదాన్ని సుత్తితో సరిచేసి రంగు పూస్తే లోపలి పగులు కనిపించదు. దిగువలో వేగంగా వెళ్తుండగా అది విరిగితే మనిషి బోర్లా పడతాడు. రంగు వేయకముందే ఫోర్కును విప్పించి, పైకొమ్ము మొదట్లో సన్నటి గీత ఉందేమో వెలుతురులో చూడాలి. ఉంటే ఫోర్కు మార్చాల్సిందే.

తొక్కడానికి హాయిగా ఉన్నా 20 కిలోల సైకిలు ఆపడం తేలిక కాదు. నికెలు రిమ్ము తడిస్తే రాడ్డు బ్రేకు జారుతుంది. వానాకాలంలో మలుపుకు చాలా ముందే బ్రేకు పట్టాలి.