అటకను గదిగా మార్చదలచువారికి: అపోహలు – వాస్తవాలు

బెల్లపు వ్యాపారముతో వర్ధిల్లిన అనకాపల్లి పాతవీథులలో నేటికిని నిలిచియున్న పెంకుటిండ్లలో అటక గల యిల్లు అరుదు కాదు. చింతపండు కుండలకును, ఇత్తడి గంగాళములకును, విరిగిన మంచములకును నెలవైన ఆ చోటిపై, కుటుంబము పెరిగి స్థలము చాలనప్పుడు, గృహస్థుని దృష్టి సహజముగా ప్రసరించును. నిచ్చెనకు మారుగా మెట్లు కట్టి, చెక్కలపై గచ్చు పోసినచో పిల్లల చదువునకొక గది సమకూడునని తలచువారి ధైర్యమునకు ఆధారమైన మాటలు కొన్ని పరీక్షింపదగియున్నవి.

అపోహ: ఇన్నేండ్లు సామాను మోసిన అటక నలుగురు మనుష్యులను మోయలేదా?

వాస్తవం: సామాను తరచుగా గోడల వారగా, అనగా దూలములు ఆనిన చోటికి దగ్గరగా, కదలక యుండును, మనుష్యులు నడుమ తిరుగుదురు, గుమిగూడుదురు. నివాసపు గది నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోలకు తగియుండవలెనని ఐ.ఎస్. 875 అను భారతీయ ప్రమాణము విధించుచున్నది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదికి అది దాదాపు 1,850 కిలోలు. రెండంగుళముల కాంక్రీటు గచ్చు పోసినచో చదరపు మీటరుకు మరి 120 కిలోలు శాశ్వతముగా చేరును. అట్టి భారము క్రింద కఱ్ఱ ఏండ్ల తరబడి మెల్లగా వంగుచునే యుండును గనుక, మొదటి యేడు పగులని గచ్చు ఎన్నటికిని పగులదని నమ్మరాదు.

అపోహ: టేకు దూలమునకు చావు లేదు.

వాస్తవం: చేవ గల టేకు చెదలను చిరకాలము ఎదిరించుమాట నిజమే, చేవ చుట్టునుండు తెల్లకఱ్ఱకు ఆ శక్తి లేదు. వానచెమ్మను పీల్చు గోడలో దాగిన దూలపు కొన కంటికి కనబడదు, పుచ్చు తరచుగా మొదలగునది అక్కడనే. అదిగాక, విద్యుత్తు గొట్టము కొరకో మెట్ల చట్రము కొరకో దూలపు లోతులో నాలుగవ వంతు చెక్కివేసినచో, వంపును తట్టుకొను బలము లోతుయొక్క వర్గము ననుసరించునది గావున, అచ్చట అది ఇంచుమించు 44 శాతము తగ్గును.

అపోహ: తలకు తగులు అడ్డదూలమును కోసివేసినచో ఎత్తు కలిసివచ్చును, నష్టమేమియు లేదు.

వాస్తవం: మంగుళూరు పెంకు, క్రింది పట్టీలతో కూడ, చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగును. ఆ బరువు నిలువుగా దిగుటయే కాక, వాసముల పాదముల గుండ గోడలను వెలుపలికి నెట్టును. ఆ నెట్టుడును బిగబట్టియుంచునది అడ్డదూలమే. కోసిన నాడే కప్పు కూలదు. మొదట వెన్నుగాడి క్రుంగును, పిదప గోడల పైవరుసలు ఒరగును, మట్టి అడుసుతో కట్టిన గోడలైనచో బీటలు శీఘ్రముగా పాఱును.

అపోహ: పెంకు దించి రేకు వేసినచో ఇల్లు తేలికపడి భద్రమగును.

వాస్తవం: తీరసీమలో గాలి కప్పును పైకి పీల్చును. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను ఈ సంగతిని కన్నులార చూపినది. విశాఖకు ప్రమాణము నిర్దేశించిన గాలివేగము గంటకు 180 కిలోమీటర్లు. పెంకు బరువు తొలగిన కప్పును గోడలకు ఇనుప బందులతో బిగింపక విడుచుట ప్రమాదకరము.

అపోహ: ఇంటిలోపలి మార్పునకు అనుమతి యెందులకు?

వాస్తవం: జాతీయ భవననిర్మాణ స్మృతి ననుసరించి అటక వస్తువులు దాచుటకే, దాని యెత్తు 1.5 మీటర్లకు మించరాదు. నివాసపు గదికి 2.75 మీటర్లు కావలెను. వాలుకప్పు క్రింద ఇది సగటు ఎత్తు. ఈ అంతరమును పూరించుటకే అడ్డదూలముపై రంపము పడుచున్నది. అనుమతి కోరినచో ఆ సంగతి ముందే బయటపడును.

అటకను గదిగా మార్చుట అసాధ్యము కాదు. పాత దూలములపై భారము మోపక, గోడలును పునాదియు పరీక్షించిన పిదప, క్రొత్త దూలములను వేఱుగా గోడలపై ఆనించి నేల వేయవచ్చును. మెట్ల సందు కొరకు తెగిన దూలముల బరువును ప్రక్కదూలములకు చేర్చి, వానిని తదనుగుణముగా బలపఱుపవచ్చును. ఈ గది బరువు ఏ దూలము మీదుగా, ఏ గోడ మీదుగా నేలకు చేరునో కాగితముపై గీసి చూపుమని ఇంజనీరును ముందుగా అడుగవలెను. ఆ దారి తెలియనంతవఱకు వడ్రంగిని పిలువరాదు.