త్రుప్పు సోకని కత్తి

ఆంగ్లనిఘంటువులలో 'వూట్జ్' అని కానవచ్చు పదమునకు మూలము మన 'ఉక్కు' అను మాటయే యని పలువురు పండితుల అభిప్రాయము. నేటి తెలంగాణములోని నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామము కలదు. ఒకనాడు అచ్చట మూసలలో కరగించిన ఉక్కుముద్దల కొరకు పారశీక వర్తకులు దూరదేశమునుండి వచ్చి నిలిచెడివారు. ఆ జాతి ఉక్కుతో సాగగొట్టిన కరవాలములే దమాస్కస్ కత్తులని లోకప్రసిద్ధి గాంచినవి. పేరులో సముద్రమున్నను ఆ గ్రామమునకు సముద్రము బహుదూరము. అది యొకవిధమున ఆ ఉక్కునకు మేలే యైనది. ఏలయన, అంతటి మేలుజాతి ఖడ్గమును సైతము ఉప్పునీట ముంచి ఒక్క రాత్రి విడిచినచో మరునాటికి దాని మేన ఎఱ్ఱని త్రుప్పు పొడసూపక మానదు. వాడియందు సాటిలేని లోహము సముద్రమునకు సాటి కాజాలదు.

లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములు కరగియుండును. వానిలో అధికభాగము సామాన్యమైన ఉప్పే. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును. ఇనుమునుండి ఎలక్ట్రానులు తొలగి, అందలి పరమాణువులు నీటిలోనికి జాఱుట, నీటిలో కరగియున్న ప్రాణవాయువు ఆ ఎలక్ట్రానులను గ్రహించుట — ఈ రెండు క్రియలు జంటగా సాగుటయే త్రుప్పు పట్టుట. మంచినీటిలో మెల్లగా నడచు ఈ వ్యాపారము ఉప్పునీటిలో వేగము పుంజుకొనును. కనుకనే సాగరగర్భమునకు దిగువారు కత్తి నెన్నుకొనునపుడు 'ఇది ఎంత చక్కగా తెగును?' అను ప్రశ్నకంటె ముందుగా 'ఇది ఎంతకాలము కత్తిగా మిగులును?' అని అడుగవలసియున్నది.

అసలు నీటి అడుగున కత్తి యెందుకు? సొరచేపలతో పోరాడుటకని చలనచిత్రములు నేర్పిన సమాధానము. అనుభవజ్ఞులు దానిని విని నవ్వుదురు. మునిగినవానికి నిజమైన శత్రువు దారము. పూర్వము మన తీరమున వలలను నూలుతోను జనుముతోను అల్లెడివారు. అవి తెగి సముద్రమున పడినను కొంతకాలమునకు క్రుళ్లి నశించెడివి. తరువాత వచ్చిన నైలాను క్రుళ్లదు. తుపానులలో కొట్టుకొనిపోయిన వలలు, రాళ్లకు చిక్కి తెగిపోయిన గాలపు త్రాళ్లు ఏండ్ల తరబడి పగడపుదిబ్బలను, మునిగిన ఓడలను చుట్టుకొని, చేపలను, తాబేళ్లను చంపుచునే యుండును. వీనికి పాశ్చాత్యులు 'దయ్యపు వలలు' అని పేరుపెట్టిరి. ఒంటిపోగు నైలాను త్రాడు నీటిలో ఇంచుమించుగా అదృశ్యము. అది కాలికో, వీపుమీది సిలిండరు మూతికో తగులుకొనిన పిమ్మటగాని దాని యునికి తెలియదు.

చిక్కుకొనినవానికి ఎంత వ్యవధి యుండునో చిన్న లెక్క చూపగలదు. సాధారణముగ వాడుకలోనున్న అల్యూమినియము సిలిండరు లోపలి పరిమాణము సుమారు 11 లీటర్లు. దానిలో 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి ఉపరితలమున 2,200 లీటర్లకు సమానము. ఒడ్డున నిమిషమునకు 20 లీటర్లు పీల్చు మనిషికి 20 మీటర్ల లోతున నీటి ఒత్తిడి మూడింతలగుటచే 60 లీటర్లు కావలెను. తిరుగుముఖము పట్టు సమయమున సిలిండరులో 50 బార్లు మిగిలినవనుకొన్నచో అది 550 లీటర్లు. అనగా తొమ్మిది నిమిషముల ఊపిరి. భయముచే శ్వాస రెట్టింపైనచో నాలుగున్నర నిమిషములు. ఒరలో త్రుప్పుతో బిగుసుకొనిపోయిన కత్తిని పెఱుకుటకు ఆ సమయమున మిగులు నిమిషము ఒక్కటియు లేదు.

ఈ సంగతిని పూర్వులు ఎఱుగకపోలేదు. 1830ల కాలమున లండనులో అగస్టస్ సీబె రూపొందించిన శిరస్త్రాణపు దుస్తులు ధరించి, పైనుండి గొట్టముద్వారా వచ్చు గాలిని పీల్చుచు మునిగిన నాటి వృత్తికారులు తమ నడుమున బరువైన కత్తిని ధరించెడివారు. సీబె సంస్థవారి కత్తులకు ఒర ఇత్తడి గొట్టము. మరవలె త్రిప్పి బిగించిన కత్తి అందునుండి జాఱిపోదు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను నిరువురు 'ఆక్వాలంగ్' అను శ్వాసయంత్రమును నిర్మించిన పిదప గాలిగొట్టపు బంధము తొలగి, మునుగువాడు చేపవలె స్వేచ్ఛగా ఈదజొచ్చెను. స్వేచ్ఛతోబాటు ఒంటరితనమును వచ్చినది. పైనుండి త్రాడు లాగి రక్షించువాడు లేడు. తన కత్తియు, తన జతగాడును మాత్రమే దిక్కు.

త్రుప్పునకు విరుగుడు ఇరువదవ శతాబ్దమున దొరకినది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ తుపాకి గొట్టముల అరుగుదలను నివారించు లోహమునకై పరిశోధించుచు, నూటికి 12.8 పాళ్లు క్రోమియము కలిపిన ఉక్కును పోయించెను. క్రోమియము గాలితో కలసి ఉక్కుపై కంటికి కానరాని పొరయై ఏర్పడును. దాని మందము మిల్లీమీటరులో పదిలక్షలవ వంతులు కొన్ని మాత్రమే. గీటు పడినను తనంత తాను మరల అల్లుకొనుట ఆ పొర గొప్పతనము. ఈ లోహమునే మనవారు స్టెయిన్‌లెస్ స్టీలనిరి.

కాని కత్తికి ఒక చిక్కున్నది. వాడి నిలుచుటకు ఉక్కులో కర్బనము కావలెను. త్రుప్పును వారించుటకు క్రోమియము కావలెను. కర్బనము మితిమీరినచో అది క్రోమియమును తనతో కలుపుకొని గట్టి రేణువులుగా మారును. రక్షకపొరకు మిగులు క్రోమియము అంతమేరకు తగ్గును. వంటపాత్రలకు వాడు 304 రకములో 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును. ఓడల సామగ్రికి వాడు 316 రకములో వీనికి తోడు రెండు మూడు పాళ్లు మాలిబ్డినము చేరి ఉప్పును బాగుగ నెదిరించును. అయితే ఈ రెండును కాల్చి నీట ముంచినంత మాత్రమున గట్టిపడునవి కావు. వానితో చేసిన కత్తికి పదును నిలువదు. 440సి అను రకమున కర్బనము దాదాపు ఒక పాలు. వాడి మెండు, కాని అశ్రద్ధ చేసినచో ఉప్పునీట చుక్కలు చుక్కలుగా గుంటలు పడును. కర్బనము తక్కువైన 420 రకము మధ్యేమార్గము. పదును త్వరగా పోవును, త్వరగానే పెట్టవచ్చును. 'స్టెయిన్‌లెస్' అను ముద్ర ఒక్కటే చూచి కొనువాడు ఈ భేదము గ్రహింపక మోసపోవును.

ఈ చిక్కును విప్పుటకు రెండు త్రోవలు ఏర్పడినవి. కర్బనమునకు బదులుగా నత్రజనితో గట్టిపఱచిన ఉక్కు మొదటిది. నత్రజని క్రోమియమును అంతగా హరింపదు. జపానువారి హెచ్-1, బేరింగుల కొరకు పుట్టిన ఎల్‌సి-200ఎన్ ఇట్టివి. రెండవది టైటానియము. ఇది సముద్రజలమున త్రుప్పు పట్టదనియే చెప్పవచ్చును; బరువు ఉక్కులో సగమునకు కొంచెము పైన; అయస్కాంతము దీని నాకర్షింపదు. కనుకనే సముద్రమున శత్రువులు పొంచిన మందుపాతరలను తొలగించు నావికులకు ఇట్టి అయస్కాంతగుణములేని పనిముట్లు అవసరము. మంచి ఉక్కుకంటె మెత్తన యగుటచే అంచు త్వరగా మొద్దుబాఱుట దీని లోపము, ధరయు ఎక్కువ. ఈ లోహముతో మనకును సంబంధము కలదు. భీమునిపట్టణపు తీరమున కానవచ్చు నల్లని యిసుకలోని ఇల్మనైటు టైటానియమునకు మూలధాతువు. 1973లో హైదరాబాదున స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము టైటానియపు మిశ్రలోహములను తయారుచేయు సంస్థలలో నొకటి.

లోహము కుదిరిన పిమ్మట ఆకారము. నాలుగంగుళములు మించని అలుగు చాలును. పొడవైన కత్తి తానే చిక్కుకొనును. ఒకయంచు నున్నగాను, రెండవయంచు ఱంపపుపండ్లతోను ఉండుట మేలు. సన్నని నైలానుకు మొదటిది, మోకులకు రెండవది. మొన వాడిగానున్నచో కంగారులో గాలిగొట్టమును, జతగాని చేతిని గాయపఱచు భయము కలదు. కనుక మొండిమొన కత్తినే పలువురు కోరుదురు. పిడి తొడుగుచేతికి జాఱక పట్టుపడవలెను. పిడి విప్పి లోపల కడుగుటకు వీలుండవలెను.

ధరించు తావు విషయమున పూర్వాచారము మారినది. పిక్కకు కత్తి కట్టుకొనుట ఒకప్పటి వాడుక. కాళ్లు రెండును వలలో చిక్కినవాడు పిక్కవఱకు వంగలేడు. పిక్క వెలుపలనున్న పిడియే మఱియొక త్రాటిని పట్టుకొనును. నేడు ఛాతీపై పట్టెకో, నడుము ముందుభాగమునకో, ఏ చేతికైనను అందునట్లు తగిలించుకొనుట మంచిదని శిక్షకులు బోధింతురు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. మునుగువారు మాత్రము రెండు ఒరలలో రెండు సాధనముల నుంచుకొందురు. ఒకటి కత్తి, రెండవది కొక్కెము నడుమ అలుగు దాగియున్న చిన్న త్రాటికోత, లేదా చికిత్సకులు వాడు మొండిమొన కత్తెర. ఒకటి చేజాఱినను మఱియొకటి మిగులును.

చేజాఱకుండ కత్తిని మణికట్టునకు కట్టుకొనరాదా యని తోచవచ్చును. కొరియా దేశపు జెజు ద్వీపమున ఊపిరి బిగబట్టి మునుగు హేన్యో అను స్త్రీల వృత్తి దీనికి ప్రత్యుత్తరము. వారి సంస్కృతిని 2016లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. అబలోనీ అను నత్తజాతి జీవిని రాతినుండి పెఱుకుటకు వారు 'బిచ్చాంగ్' అను ఇనుపబద్దను వాడుదురు. దాని త్రాడు చేతికి చుట్టియుండును. ఒక్క పోటున రానియెడల అబలోనీ బిగిసి, బద్దను రాతికి అదిమిపట్టును. త్రాటినుండి చేయి విడిపించుకొనలేక ప్రాణములు పోగొట్టుకొనిన స్త్రీల కథలు ఆ ద్వీపమున వినవచ్చును. పనిముట్టు పోవునను భయమున మనిషి పనిముట్టునకు బందీ కారాదు. కట్టిన త్రాడు లాగినంతనే ఊడునదై యుండవలెను.

చిక్కుకొనినపుడు చేయవలసిన మొదటిపని కోయుట కాదు, ఆగుట. పెనుగులాడిన కొలది వల మఱింత చుట్టుకొనును. ఊపిరిని నెమ్మది పఱచి, జతగానికి సైగ చేసి, వచ్చిన దారినే కొంచెము వెనుకకు జరిగినచో పెక్కు చిక్కులు తామే వీడును. వీడనినాడు త్రాటిని ఒకచేత బిగించి, శరీరమునకును గాలిగొట్టమునకును దూరముగా అలుగు నడపవలెను. ఈ పనిని లోతులేని నీటిలో, కన్నులు మూసికొని, ఎడమచేత సైతము అభ్యసింపవలెను. యుద్ధకాలమున శస్త్రాభ్యాసము పనికిరాదు గదా!

కత్తిచే పగడమును గోకుట, జీవులను పొడుచుట తగని పనులు. మెక్సికోలోని కొజుమెల్ సముద్రవనము వంటి చోట్ల కత్తి ధరించుటయే నిషిద్ధము. ఋషికొండ యొద్దనో, 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మారిన అండమాను హేవ్‌లాక్‌లోనో మునుగగోరి విమానమున పోవువారు కత్తిని చేతిసంచిలో కాక అప్పగించు సామానులో నుంచవలెను.

ఇక సంరక్షణ. త్రుప్పు పుట్టుచోటు బయటి అలుగు కాదు, ఒర లోపల. ఇఱుకైన సందులోని ఉప్పుచెమ్మయందు ప్రాణవాయువు తఱిగి, క్రోమియపు పొర తన్నుతాను బాగుచేసికొనలేదు. కావున తడికత్తిని ఒరలో నుంచుట ఎంతటి మేలైన లోహమునకైనను హాని. ఒడ్డు చేరగనే కత్తిని, ఒరను వేఱుచేసి మంచినీట నానబెట్టి, పిడి సందులు కడిగి, నీడన ఆరబెట్టి, పలుచగా సిలికోను జిడ్డు పూయవలెను. కనిపించిన గోధుమరంగు మచ్చను నాడే రుద్ది తీయవలెను. మరల నీట దిగుటకు ముందు పడవ అంచుననే ఒకమాఱు కుడిచేత, ఒకమాఱు ఎడమచేత ఒరనుండి దూసిచూడవలెను. సులువుగా రానిచో ఆ దినమున దిగుట మానవలెను.