తిరుచానూరులో నడిమి ఇంటి రాబడి ఎంత?

కార్తీక మాసంలో తిరుచానూరు అమ్మవారికి బ్రహ్మోత్సవాలు. పంచమి తీర్థం నాడు పద్మసరోవరం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. పూలమ్మే ఆమెకూ, ఆటో తోలే పిల్లోడికీ, టెంకాయల అంగడికీ ఆ నాలుగు దినాలూ దుడ్డు కళ్లబడుతుంది. సరిగ్గా ఆ వారమే ఎవరైనా కాగితాలు పట్టుకొచ్చి "నెలకెంత వస్తుందమ్మా?" అని అడిగి, ఆ అంకెను పన్నెండుతో హెచ్చవేసుకుని పోయారనుకోండి. కాగితం మీద తిరుచానూరు పేదలంతా గట్టెక్కినట్టే!

ఆదాయాల లెక్కల్లో మొదటి మోసం సగటుతోనే వస్తుంది. ఒక వీధిలో ఏడు ఇళ్లున్నాయనుకుందాం. ఏడాదికి రాబడి వరుసగా 60 వేలు, 70 వేలు, 80 వేలు, 90 వేలు, లక్ష, రెండు లక్షలు. ఏడో ఇల్లు లాడ్జి యజమానిది, 15 లక్షలు. మొత్తం 21 లక్షలు, సగటు 3 లక్షలు. ఆ 3 లక్షలు కళ్లజూసినవాడు ఆ వీధిలో ఒక్కడే! ఇళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెట్టి సరిగ్గా నడిమి ఇంటిని చూస్తే వచ్చేది 90 వేలు. గణాంకశాస్త్రం దీన్ని మధ్యగతం అంటుంది. మరుసటేడు లాడ్జికి 22 లక్షలొస్తే సగటు 4 లక్షలకు ఎగబాకుతుంది. నడిమి ఇల్లు మాత్రం ఆ 90 వేల దగ్గరే ఉంటుంది. అందుకే ప్రభుత్వాలకు సగటు మీద అంత ప్రేమ.

మరి తిరుచానూరులో ఆ నడిమి ఇంటి రాబడి ఎంత? ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. జనగణన ఇంటి కప్పును అడుగుతుంది, నీళ్లెక్కడివని అడుగుతుంది, రాబడి మాత్రం అడగలేదు. వ్యవసాయ కుటుంబాల మీద జాతీయ నమూనా సర్వే లెక్కలున్నాయి. 2002-03లో రైతు కుటుంబానికి నెలకు సగటున 2,115 రూపాయలు, 2018-19లో వ్యవసాయ కుటుంబానికి 10,218 రూపాయలు. ఇందులో కూలి, జీతాల మీద వచ్చింది 4,063, పంట మీద వచ్చింది 3,798. అంటే రైతనిపించుకునేవాడు కూడా పంటకన్నా కూలి మీదనే ఎక్కువగా బతుకుతున్నాడన్నమాట. కానీ ఈ లెక్కలో చేరాలంటే ఆ ఇల్లు సొంతంగా ఎంతో కొంత పండించి ఉండాలి. ఉత్త రెక్కల కష్టం మీద బతికే కూలి ఇల్లు ఇందులో లేదు. పైగా ఇది గ్రామాల సర్వే. 2011 జనగణన తిరుచానూరును పంచాయతీగా ఉండగానే పట్టణంగా లెక్కగట్టింది. పక్క ఊళ్ల కయ్యల్లో నాట్లు వేసి, శెనక్కాయలు పెరికి సాయంత్రానికి తిరుచానూరు చేరే ఆడకూలీ ఈ లెక్కకు రెండు విధాలా దొరకదు! గృహాదాయాల మీద దేశవ్యాప్త సర్వేను 2026లో చేపడతామని కేంద్రం 2025లో ప్రకటించింది. మంచిదే. అయితే అటువంటి నమూనా సర్వేలు రాష్ట్రాల సంగతి చెప్పగలవు, ఒక ఊరి సంగతి చెప్పలేవు.

అప్పటికీ ఇప్పటికీ పోల్చడం మరీ చిక్కు. 1950-51 విచారణలో దేశంలో వ్యవసాయ కూలీ కుటుంబం సగటు ఏడాది ఆదాయం 447 రూపాయలు. 1956-57లో 437కు దిగింది. నడుమ మొదటి పంచవర్ష ప్రణాళిక నడిచింది! సగటు అప్పు మాత్రం 47 నుంచి 88 రూపాయలకు పెరిగింది. అప్పుడు పెద్ద రగడే లేచింది. ఎందుకంటే గింజల రూపంలో ఇచ్చిన కూలిని మొదటిసారి చిల్లర ధరకు కట్టారు, రెండోసారి టోకు ధరకు కట్టారు. గింజలు అవే, రాబడి మారిపోయింది. కూలీ కుటుంబం అంటే ఏదన్న నిర్వచనమూ రెండుసార్లు ఒకటి కాదు. కష్టజీవి బతుకు ఎంత దిగజారిందో తేల్చుకోవలసిన చోట పండితులు కొలతల మీద వాదులాడుకోవలసి వచ్చింది. తప్పు కొలిచినవాళ్లది.

ధరల సంగతీ ఉంది. వ్యవసాయ కార్మికుల ధరల సూచి 1986-87లో 100 అయితే, 2023 డిసెంబరుకు 1,250 దాటింది. ఆనాడు పది రూపాయల కూలి తీసుకున్నవాడు 125 తీసుకుంటే ఉన్నచోటే ఉన్నట్టు. ఆ తరువాత వచ్చిందే పెరుగుదల.

కాబట్టి ఈ పని కూలీ సంఘాలే చేసుకోవాలి. ఊళ్లో ఇళ్లన్నీ రాసుకోవాలి. నెలకెంత అని అడిగితే ఎవరూ చెప్పలేరు. అడిగినామె "ఏముందిలేబ్బా, వచ్చింది వచ్చినట్టే పాయె" అంటుంది. దాపరికమూ ఉంటుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం బియ్యం కార్డుకు గ్రామాల్లో నెలకు 10,000 రూపాయల హద్దు పెట్టింది. అంకె చెబితే కార్డు పోతుందన్న భయం ఉండదా? అందుచేత రాబడి అడగొద్దు, పనులడగాలి. నాట్లకు ఎన్ని దినాలు పోయినావు, కోతకు ఎన్ని, ఉపాధి పనికి ఎన్ని, ఉత్సవాలప్పుడు ఏం అమ్మినావు అని నెలనెలా విప్పి అడగాలి. పాడి ఆవు ఉంటే పాల దుడ్డులోంచి దాణా తీసెయ్యాలి. కౌలు, విత్తనాలు, ఎరువులు తీసివెయ్యాలి. వడ్డీకి తెచ్చిన దుడ్డు రాబడి కాదు, దాన్ని వేరే గడిలో రాయాలి. ఐదేళ్ల తరువాత అవే ఇళ్లకు అవే ప్రశ్నలతో పోవాలి.

అప్పుడు తాళం వేసిన ఇళ్లు కనబడతాయి. వాటిని వదిలేస్తే లెక్క చెడుతుంది. మన ఏడిళ్ల వీధిలో అడుగున ఉన్న రెండిళ్లూ కూలి దొరక్క ఊరు వదిలాయనుకోండి, వరుసలో మిగిలేది ఐదిళ్లు, నడిమిది లక్ష రూపాయల ఇల్లు. ఎవరి రాబడీ రూపాయి పెరగలేదు, మధ్యగతం పది వేలు పెరిగింది! కయ్యలు ప్లాట్లయి జీతగాళ్లు కొత్త ఇళ్లు కట్టుకున్నా ఇదే తంతు. అందుకని పాత ఇళ్లకొక పట్టీ, కొత్త ఇళ్లకొక పట్టీ పెట్టుకోవాలి. తాళం వేసిన ఇంటి గురించి పక్కింట్లో అడిగి వాళ్లు ఎటు పోయారో, ఎప్పుడు పోయారో, ఎంత అప్పు మీద పోయారో మొదటి పట్టీలోనే రాసుకోవాలి.