పాలు కారే అడవి కూర

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు ఇష్టమైన భోజనం. గ్రీసులో తరతరాలుగా తింటున్న ఆకుకూర. ఆస్ట్రేలియా రైతుకు మందుకు లొంగని కలుపు. ఈ మూడూ ఒకే మొక్క. మన చేలల్లోనూ చలికాలంలో కనిపిస్తుంది. దాన్ని గుర్తుపట్టడం ఎలా? అసలు ఎందుకు గుర్తుపట్టాలి?

న్యూజిలాండ్‌లో మావోరీల ఇంట పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కిందంటే ముందు అందులో పడేవి పంది ఎముకలు. అవి గంటకు పైగా ఉడికి, సారమంతా నీళ్లలోకి దిగాక ఆకు వేస్తారు. దాన్ని ఊరికే కడిగి వేయరు. రెండు చేతుల మధ్య పెట్టి, పారే నీళ్ల కింద గట్టిగా నలుపుతారు. పచ్చటి నురగ వస్తుంది. ఆ నురగతోపాటే చేదూ పోతుంది. బాగా నలిపి, పిండి, గిన్నెలో వేశాక ఆలుగడ్డలు, 'కూమరా' అనే చిలగడదుంపలు, పైన గోధుమపిండి ఉండలు. ఈ వంట పేరు బాయిలప్. ఆ ఆకు పేరు పూహా.

ఇంగ్లిష్‌లో దీన్ని సో థిసిల్ అంటారు. శాస్త్రీయ నామం సాంకస్ ఒలరేసియస్. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరిది. పుట్టిల్లు ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా. మనుషుల వెంట, పంట విత్తనాల వెంట, గాలి వెంట ప్రపంచమంతా చేరింది. ఈ మొక్కకు ఎక్కడా కరవు లేదు. కరవల్లా దాన్ని గుర్తుపట్టి, ఒడుపుగా వండుకునే తెలివిడికే.

చామంతికి చుట్టం, చికోరీకి దాయాది

బంతి, చామంతి, పొద్దుతిరుగుడు పూల కుటుంబంలోదే ఈ మొక్క. అందులోనూ సలాడ్లలో వాడే లెట్యూస్, కాఫీపొడిలో కలిపే చికోరీ దీనికి మరీ దగ్గరివి. ఏడాదిలోపే బతుకు ముగించే మొక్క. అడుగు నుంచి మూడు నాలుగు అడుగుల దాకా పెరుగుతుంది. తల్లివేరు నేరుగా లోపలికి దిగుతుంది. కాడను విరిస్తే లోపల డొల్లగా ఉంటుంది, విరిగినచోట తెల్లటి పాలు చిమ్ముతాయి. కాసేపు గాలి తగిలితే ఆ పాలు జిగురై, గోధుమరంగుకు తిరుగుతాయి. కొరకడానికి వచ్చిన పురుగు నోటికి అంటుకునేది ఆ జిగురే. ఆకుకు చేదునిచ్చే సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు ఉండేదీ ఆ పాలలోనే.

కింది ఆకులు అంచుల్లో లోతుగా చీలి ఉంటాయి. చివరి భాగం ముక్కోణంలా వెడల్పుగా కనిపిస్తుంది. పై ఆకులకు తొడిమ ఉండదు, అడుగుభాగం కాడను రెండు వైపులా పట్టుకుని ఉంటుంది. అంచుల్లో పళ్లు ఉన్నా, చేతికి మెత్తగానే తగులుతాయి.

పసుపుపచ్చని పువ్వు ఒక్కటిగా కనిపిస్తుంది కానీ, అది వందకు అటూఇటూగా చిన్న పూలు కలిసిన గుత్తి. ప్రతి చిన్న పువ్వూ సన్నని నాలుకలా సాగి, కొసన అయిదు పళ్లతో ఉంటుంది. పొద్దున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. పూత అయ్యాక గుత్తి అడుగున ఉబ్బి, పైన మొనదేలి, ఒకరోజు తెల్లటి దూదిలా విప్పారుతుంది. ఒక్కో గింజకూ జిల్లేడు దూది లాంటి కుచ్చు. గాలి వీస్తే చాలు, ఎక్కడికైనా పోతుంది.

దీని పుట్టుక కూడా చిత్రమే. సాంకస్ ఆస్పర్ అనే ముళ్ల రకానికి 18 క్రోమోజోములు. మధ్యధరా తీరంలోని సాంకస్ టెనెరిమస్‌కు 14. మన మొక్కకు 32. ఎప్పుడో ఆ రెండూ సంకరమై, క్రోమోజోములు రెట్టింపై పుట్టిన సంతానమే ఇదని శాస్త్రవేత్తల అంచనా.

థీసియస్ తిన్న కూర

గ్రీకుల పురాణ వీరుడు థీసియస్ మారథాన్ ఎద్దును లొంగదీయడానికి పోతూ దారిలో హెకలే అనే పేద ముసలమ్మ గుడిసెలో తలదాచుకున్నాడు. ఆమె అతనికి పెట్టిన భోజనంలో ఈ కూర ఉందని క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. అంటే రెండువేల ఏళ్ల కిందటే ఇది పేదింటి కూర, అతిథికి పెట్టదగిన కూర కూడా.

గ్రీసులో దీన్ని జోహోస్ అంటారు. పల్లెల్లో చలికాలపు వానల తర్వాత కత్తి, సంచి పట్టుకుని కొండవాలుల్లో లేత ఆకు ఏరుకొస్తారు. ఉడికించి, నీళ్లు వార్చి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసుకుని తింటారు. క్రీట్ దీవిలోనైతే పలురకాల అడవి ఆకులు కలిపి, పిండిలో పెట్టి వండుతారు. 1958లో మొదలైన 'ఏడు దేశాల అధ్యయనం'లో గుండెజబ్బు మరణాలు బాగా తక్కువగా కనిపించినవాళ్లు ఈ క్రీట్ మగవాళ్లే. ఆ ఘనతను ఒక్క ఆకుకూరకే కట్టబెట్టలేం. ఆలివ్ నూనె, పప్పులు, పండ్లు, కాయకష్టం అన్నీ కలిసిన బతుకది. అయితే ఆ పళ్లెంలో అడవి కూర నిత్యం ఉండేదన్నది మాత్రం నిజం. సాంకస్ ఆకులో విటమిన్ సి, కెరొటిన్, కాల్షియం, ఇనుముతోపాటు ఒమేగా-3 రకం కొవ్వు ఆమ్లం కూడా ఉంది.

పాత పూహా, కొత్త పూహా

న్యూజిలాండ్‌కు సొంతమైన పూహా వేరే ఉంది. దాని పేరు సాంకస్ కిర్కీ. సముద్రపు ఒడ్డున కొండచరియల మీద పెరుగుతుంది. ఐరోపావాళ్ల రాకతో మెత్తటి సాంకస్ ఒలరేసియస్ పొలాలకూ పెరళ్లకూ వ్యాపించింది. తమ కూరకు దగ్గరి చుట్టాన్ని మావోరీలు ఇట్టే గుర్తుపట్టి, పాత పేరుతోనే పిలిచి, గిన్నెలో వేశారు. కాడనుంచి కారిన పాలను గడ్డకట్టించి, జిగురులా నమిలేవాళ్లు కూడా. ఇప్పుడు ఆ సొంత రకం తగ్గిపోతున్న మొక్కల జాబితాలో ఉంది.

రైతుకు తలనొప్పి

ఇదే మొక్క ఆస్ట్రేలియా ఈశాన్య పొలాల్లో పెద్ద బెడద. కారణం దాని గింజలో ఉంది. నేల పైపైన పడితే చక్కగా మొలుస్తుంది, అయిదు సెంటీమీటర్ల లోతుకు పోతే పైకి రాలేదు. భూసారం కాపాడుకోవడానికి దున్నకుండా విత్తే పద్ధతి పెరిగాక గింజలన్నీ పైనే ఉండిపోయాయి. దుక్కి చేసే పని కలుపుమందు మీద పడింది. ఒకే మందు ఏళ్ల తరబడి కొట్టడంతో గ్లైఫోసేట్ అనే కలుపుమందుకూ లొంగని మొక్కలు తయారయ్యాయి. లెట్యూస్ పంటను దెబ్బతీసే ఒక వైరస్‌కు, దాన్ని మోసే పేనుబంకకు కూడా ఈ మొక్కే ఆశ్రయం. రైతు కష్టాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ మందు కొట్టిన చేలో మొక్క చావకపోయినా, ఆ ఆకు తినడానికి మాత్రం పనికిరాదు.

పొరపడితే ప్రమాదం

● బలురక్కసి: దీన్నే బ్రహ్మదండి అనీ అంటారు. ముళ్ల ఆకులు, పసుపు పూలు చూసి పొరపడొచ్చు. కాడ విరిచి చూడండి. సాంకస్ పాలు తెలుపు, బలురక్కసి రసం పసుపు. బలురక్కసి పువ్వుకు నాలుగు నుంచి ఆరు పల్చటి వెడల్పాటి రేకులు, కాయ నిండా ముళ్లు. ఇది విషం. 1998లో ఢిల్లీలో ఎంతోమంది ప్రాణాలు తీసింది ఆవనూనెలో కలిసిన దీని గింజల నూనే.

● ఎమీలియా: ఆకు అచ్చం సాంకస్‌లాగే ఉంటుంది. పువ్వు మాత్రం గులాబీ లేక ఊదా రంగు. ఇందులో కాలేయానికి హాని చేసే ఆల్కలాయిడ్లు ఉంటాయి.

● సాంకస్ ఆస్పర్: ముళ్లు గట్టిగా ఉంటాయి. కాడను పట్టుకున్న ఆకు చెవులు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. సాంకస్ ఒలరేసియస్‌లో అవి మొనదేలి ఉంటాయి. ఆస్పర్ లేతాకునూ తింటారు.

● పూత రాకముందే కోయాలి, ముదిరితే చేదు. రోడ్డు పక్కన, మురుగు దగ్గర, మందు కొట్టినచోట కోయొద్దు. రక్తాన్ని పల్చబరిచే మందులు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచేముందు డాక్టరును అడగాలి.

● తెలిసినవాళ్లు చూసి, అవునన్నాకే వండాలి.

మన గట్ల మీద

మెంతికూర పప్పు తినే నాలుకకు ఈ చేదు కొత్తేమీ కాదు. అయితే తెలుగు పాఠకులకు సాంకస్ వంటకం కంటే, దాన్ని తినేవాళ్ల అలవాటు ఎక్కువ అక్కరకొస్తుంది. తుమ్మికూర, చెంచలికూర, పొన్నగంటి, గంగవాయిలి, తెల్లగలిజేరు ఎవరూ విత్తకుండానే మన చేలల్లో పెరిగినవే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు ఇలాంటి సాగుచేయని కూరలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి చూపించారు. కలుపు తీసే కూలి మనిషి ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చుకునే ఆకు, ఆ పూట పిల్లల కంచంలో కూర. కలుపుమందు పిచికారీ చేస్తే ఆమె కూలీ పోతుంది, కూరా పోతుంది.

మొక్క మళ్లీ మొలుస్తుంది. దానికి గాలి, తడి చాలు. ఏది తినొచ్చు, ఏది తినకూడదు, ఎప్పుడు కోయాలి, ఎంతసేపు నలపాలి అన్నది మాత్రం ఒకరు చూపిస్తేనే ఇంకొకరికి అబ్బుతుంది. ఆ చదువు చెప్పగలిగిన అమ్మమ్మలు, నాయనమ్మలు, కూలి తల్లులు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. వానాకాలం చినుకులకు, మళ్లీ చలికాలం మంచుకు, పిల్లల్ని వాళ్ల వెంట చేను గట్ల మీదికి పంపాలి. బడులు ఆ కూరల పేర్లు, బొమ్మలు, గుర్తులు రాయించాలి. వ్యవసాయ విస్తరణ అధికారులు కలుపు జాబితా చదివేటప్పుడు అందులో తినే ఆకు ఏదో కూడా చెప్పాలి. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఆలస్యం చేస్తే మాత్రం చెప్పేవాళ్లు మిగలరు.