ఒక కుంటలో ఆరు జాతులు

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ పేరు వినగానే అందఱికిని అచ్చటి గడికోట గుర్తునకు వచ్చును. ఆ కోటను శ్రద్ధతో పదిలపఱచినందుకు 2022వ సంవత్సరమున యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించినది. కాని యీ సీమకు ప్రాణాధారములు చెరువులును, కుంటలును. చెరువుల పూడిక తీయించు మిషన్ కాకతీయ పథకము 2015 మార్చి 12వ తేదీన ప్రారంభమైనది కూడ ఈ జిల్లాకు చెందిన సదాశివనగర్‌లోనే. నిలిచిన నీరు పైరును పండించును. తెలిసినవానికి చేపలను కూడ పండించును.

ఈ ప్రాంతమున నేనెరిగిన రైతొకడు తన పొలమున ఎకరము మేర కుంట త్రవ్వించెను. చేపలెన్ని యున్న అంత లాభమని తలచి, దొరికిన జాతులనెల్ల, దొరికినన్ని పిల్లలను తెచ్చి వదలెను. కొంతకాలము అంతయు బాగుగనే యుండెను. శ్రావణమాసమున మూడు దినములు ముసురు పట్టి సూర్యుడు కనబడలేదు. నాల్గవనాటి వేకువను పోయి చూడగా చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుకొని రొప్పుచుండెను. ప్రొద్దెక్కునప్పటికి సగము చేపలు వెల్లకిల తేలెను. పొరుగు రైతు విషము కలిపెనని అతడు నిందించెను. ఇరువురకు మాటలు లేకపోయెను.

విషము కలిపినవారెవ్వరును లేరు. తప్పినది లెక్క మాత్రమే. అది యెట్లో తెలిసికొందము.

కుంట మనకు ఒక్క గదివలె కనబడును; చేపలకది మూడంతస్తుల మేడ. చేప మూతిని చూచిన దాని భోజనశాల యెచ్చటనో తెలియును. బొచ్చెకు నోరు పైకి తిరిగి యుండును. అది పైపొరలో తేలియాడు సూక్ష్మజీవులను తినును. రోహు అని కూడ పిలువబడు శీలావతి నడిమి పొరలో మేయును. ఎర్రమోసు అడుగున కుళ్లిన ఆకు అలములను తినును. ఈ మూడును మన దేశపు చేపలు. చైనా నదులకు చెందిన వెండిచేపయు గడ్డిచేపయు 1959లో మన దేశమునకు వచ్చినవి. ఇప్పుడు మన కుంటలలో పెరుగు బంగారుతీగ రకము 1957లో బ్యాంకాకునుండి వచ్చినది. వెండిచేప నీటికి పచ్చదనమిచ్చు సూక్ష్మమైన నాచును వడగట్టి తినును. గడ్డిచేప కలుపును మేయును. దాని పేడ నీటికి ఎరువగును. బంగారుతీగ మూతిని సాచి బురదలో తిండి వెదకును. ఒకదాని పళ్లెములో మఱియొకటి చేయి పెట్టకుండ ఆఱును బ్రదుకవచ్చును. ఇట్టి పెంపకమునకు మిశ్రమ చేపల పెంపకమని పేరు.

మన దేశపు మూడు జాతులును నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలపు నదీ ప్రవాహమున పెట్టును. కనుక పూర్వము పిల్లలకు నదులే దిక్కు. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు, చేప మెదడు క్రింద నుండు గ్రంథి రసమును సూదిమందుగా నిచ్చి, వానిచే గ్రుడ్లు పెట్టించెను. నేడు రైతునకు కోరిన జాతి పిల్లలు కోరిన లెక్కకు దొరకుట ఆ కృషి ఫలమే.

ఇక మన రైతు చేసిన తప్పులను చూతము. మొదటిది, పిల్లలలో కొర్రమట్టలను కలుపుట. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్రపు చేపయే, రుచిలో మేటియే. కాని అది తోడిచేపల పిల్లలను మ్రింగును. దానికి వేఱు కుంట కావలెను. రెండవది మితిమీఱిన సంఖ్య. పగటివేళ నీటిలోని నాచు ఎండ సాయమున ప్రాణవాయువును తయారుచేయును. రాత్రి చేపలును నాచును కూడ దానిని వాడుకొనును. అందుచే వేకువకు ముందు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. ముసురులో పగటి రాబడియు తగ్గి, రాత్రి ఖర్చు మాత్రము నిలిచి యుండును. చేపలు క్రిక్కిఱిసియున్న కుంటలో అప్పుడు ఊపిరి చాలదు.

ఈ సంగతి తెలిసిన పిమ్మట రైతు వేసవిలో కుంటను ఎండగట్టి, అడుగున సున్నము చల్లించెను. అయిదాఱడుగుల నీరు నిలిచిన పిదప మూడు నాలుగంగుళముల పిల్లలను రెండువేలు మాత్రమే వదలెను. పై అంతస్తునకు 800, నడిమికి 600, అడుగునకు 600. వెండిచేప త్వరగా పెరిగి బొచ్చె తిండికి పోటీ వచ్చును గనుక పైవానిలో దానిని తక్కువగా నుంచెను. కలుపునకు తగినన్ని గడ్డిచేపలను నడిమివానిలో చేర్చెను. బంగారుతీగలు తిండికై గట్టును త్రవ్వును గనుక వానిని మితముగా నుంచెను. మబ్బు పట్టిన దినములలో పేడ వేయుట మాని, వేకువనే లేచి, మోటారుతో నీటిని ఎగజిమ్మించెను.

మఱుసటి యేడు వల లాగిననాడు బొచ్చెలు కిలోకు మించి తూగెను. రైతు వానిలో పెద్దదానిని ఏరి, తాను నిందించిన పొరుగువాని యింటికి స్వయముగ తీసికొనిపోయెను. "అన్నా, ఆనాడు విషము నీటిలో లేదు, నా నోటనే యుండెను" అనెను. పొరుగువాడు నవ్వి చేపను అందుకొనెను.